దొరసానితో బేరం

నాకు కోపం ఎక్కువని మావారు బాపు రావు నలుగురిలోనూ అంటుంటారు. శుద్ధ అబద్ధం. నాకు ఉండాల్సినంతే ఉంది. కోపం రావాల్సిన సందర్భాలే ఎక్కువ.

ఎనభై ఆరులో ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊరు వదిలేసి కోరుట్లకు వచ్చేశాం. నక్సలైటు అన్నలు మా గడీ గోడ మీద ఎర్రరంగుతో మావారి పేరు రాశారు. పేరు కింద ఇంకేదో రాశారు గానీ, ఆయన పేరు వరకే చదివి బస్సెక్కారు. కోరుట్లలో మేం అద్దెకు తీసుకున్న ఇంటికి రోడ్డు వైపు ఒక గది ఉంది. పొద్దంతా అందులో కుర్చీ వేసుకుని పేపరు చదవడం, బయట సైకిల్ బెల్లు మోగితే లేచి లోపలికి పోవడం, ఇదీ ఆయన పని. నెల రోజులు చూశాను. ఇక నా వల్ల కాక ఆయన కుర్చీని వంటింట్లోకి జరిపి, ఆ గదిలో కొట్టు పెట్టాను.

నాకు చేతిపని వచ్చు. కుట్లు, అద్దాల పని, పూసలు గుచ్చడం చిన్నప్పుడు హైదరాబాదులో నేర్చుకున్నాను. గడీలో ఇరవై ఏళ్లు వేరే పనేమీ లేక ఇవే చేసి పెట్టెలు నింపాను. సిరిసిల్ల నుంచి అమృత అనే ఆమెను కుట్టుపనికి పెట్టుకున్నాను. వాళ్లది మగ్గాల ఇల్లు, బట్టలు తనే బస్సులో మోసుకొచ్చేది. జాకెట్లు, చేతిసంచులు, పూసల దండలు, దారంతో చేసిన జుంకాలు అన్నీ సర్ది "ఇందిరా హస్తకళలు" అని బోర్డు కట్టించాను.

"మన ఇంటి ఆడోళ్లు కొట్ల కూసుంటరా ఇందిరా?" అన్నారు మావారు.

"మన ఇంటి మగోళ్లు వంటింట్ల కూసుంటలేరా?" అన్నాను.

దాంతో ఆయనకూ పంతం వచ్చింది. "దసరా దాక జూస్త. అప్పటికి ఒక్క వస్తువన్న అమ్ముడువోకుంటే, గా గది నీ తమ్మునికి ఎరువుల బస్తాలు ఏసుకునేటందుకు ఇస్త" అన్నారు. ఆ గది పోతే నాకు మిగిలేది వంటిల్లు. అందులో ఆయన.

గిరాకీ రాలేదా అంటే, బాగానే వచ్చింది. అదే నా ప్రాణానికి వచ్చిన తంటా. ఇబ్రహీంపట్నం, ముత్యంపేట వైపు నుంచి, మగవాళ్లు దుబాయికి పోయిన ఇళ్ల ఆడవాళ్లు బస్సు దిగి నేరుగా వచ్చేవారు. కిటికీలో వేలాడే దండను చూసి సంబరంగా గడప దాకా వచ్చేవారు. అక్కడ నన్ను చూసేవారు. అంతే, చెప్పులు బయటే విడిచి, కొంగు భుజాల నిండా కప్పుకుని, గోడకు ఆనుకుని నిలబడేవారు. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చునేవారు.

"గా దండ ఎంత దొరసానీ?"

"ముప్పై."

"మంచిది దొరసానీ."

దండం పెట్టి వెళ్లిపోయేవారు. వెళ్లి, ఎదురుగా దేవయ్య ఫ్యాన్సీ స్టోరులో గంటసేపు గొంతు చించుకుని ఒక ప్లాస్టిక్ గొలుసు కొనేవారు. ఆ గొలుసు మెడలో వేసుకుని నా కొట్టు ముందు నుంచే పోతుంటే ఒళ్లు మండిపోయేది.

"ధర ఎక్కువై గాదమ్మా," అని అమృత ఒకరోజు మిషను ఆపి చెప్పింది. "బేరమాడకుంట కొనుడు వాళ్లకు రాదు. దొరసానితోని బేరమాడుడు అంతకన్న రాదు. గందుకే పోతున్నరు."

"ఆడుమను. నేను వద్దన్ననా?"

"నోటితోని అనలేదు" అని, అద్దం తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. చూసుకున్నాను. నేనైనా ఆ మనిషితో బేరమాడను.

సరే, నేర్చుకుందామని కూర్చున్నాను. అమృత గిరాకీ వేషం వేసి, దండను వేలితో ఎత్తి, "గీ పూసలకు ముప్పైయా? మా బర్రెకు గట్టినా సిగ్గువడ్తది" అంది. అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాను. మిషను మీద జాకెట్టు సగంలో ఉండిపోయింది కాబట్టి సాయంత్రం మళ్లీ పెట్టుకున్నాను.

దసరా ఇంకా నాలుగు రోజులుందనగా ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లు ఉండవు. భుజానికి పెద్ద సంచి, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఆ బూట్లతోనే లోపలికి వచ్చింది. కుర్చీ జరుపుకుని కూర్చుని కాలు మీద కాలేసుకుంది. కిటికీలోని ఎర్రపూసల దండ దించమంది.

"ఎంతమ్మా?"

"ముప్పై."

"పదిహేను జేసుకో."

అమృత మిషను టక్కున ఆగింది. నా చెవులు వేడెక్కాయి. "పదిహేనుకు దారమొస్తది" అన్నాను. "దారం నాకెందుకు, దండ సంగతి జెప్పు" అంది. అరగంట కొట్లాడుకున్నాం. చివరికి నేను ఇరవై ఎనిమిది దగ్గర, ఆమె పద్దెనిమిది దగ్గర ఆగాం. "రేపొస్త, ఆలోచించుకో" అని ఆమె వెళ్లిపోయింది. నాకు ఒళ్లంతా చెమట, గొంతు బొంగురు. పెళ్లయిన తర్వాత అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

తలుపు సందులోంచి అంతా చూసిన మావారు బయటికి వచ్చారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గామె ఎవలో ఎర్కేనా? దళం మనిషి."

"మీకెట్ల ఎరుక?"

"బూట్లు జూసినవా? సంచి జూసినవా? నీ ముందట కుర్చీల కూసున్నది. ఉత్త మనిషికి గంత ధైర్యం ఉంటదా?"

ఇంతలో దేవయ్య కూడా రోడ్డు దాటి వచ్చి, "దొరసానితోని బేరమాడిందంటే ఎనుక తుపాకులున్నట్టే" అన్నాడు. అప్పటికే తన షట్టరు సగం దించేశాడు. ఆలోచిస్తే నాకూ నిజమేననిపించింది. మామూలు మనుషులెవరూ నా ముందు అలా కూర్చోగా నేను చూడలేదు మరి.

"రేపొస్తే దండ ఊకెనే ఇచ్చెయ్యి. రెండు జాకెట్లు గూడ ఇయ్యి," అన్నారు మావారు. "ఆమె పోంగనే తాళమేద్దాం. దసరా దాక ఎందుకు?"

మర్నాడు ఆయన తాళంకప్ప జేబులో వేసుకుని తలుపు వెనక నిలబడ్డారు. ఆమె చెప్పిన వేళకే వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, "ఏమనుకున్నవమ్మా?" అంది. తలుపు వెనక మావారు దగ్గారు. ఇచ్చెయ్యమని. నాకు మాత్రం భయం లేదా? ఉంది. కానీ ఆ దండకు నాకు తొమ్మిది రోజులు పట్టింది. నా పనికి ఒక ధర ఉందని నాతో పోట్లాడిన మనిషి ఈ లోకంలో ఈమె ఒక్కతే. ఊరికే ఎలా ఇస్తాను?

"ఇరవై ఆరు," అన్నాను. "తుపాకి వెట్టినా తగ్గ."

తలుపు వెనక ఏదో దబ్బున పడింది. మావారే.

"తుపాకెందుకమ్మా?" అందామె తెల్లబోయి.

"నువ్వు దళం గదా."

ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. సంచి తెరిచి చూపించింది. దూది, సూదులు, బాలింతల పేర్లు రాసుకున్న పుస్తకం. జగిత్యాలలో శిక్షణ అయ్యి కోరుట్లకు కొత్తగా వచ్చిన నర్సట. పల్లెలన్నీ నడిచి నడిచి మడమలు పగిలి బూట్లు వేసుకుంటోందట. అది వినగానే మావారికి ఎక్కడలేని ధైర్యం వచ్చి బయటపడ్డారు.

"మరి దొరసాని ముందట కుర్చీల ఎట్ల కూసున్నవ్?"

"కుర్చీ ఉన్నది, కూసున్న" అని, ఆమె నా వైపు తిరిగింది. "నన్ను గుర్తువట్టలేదా అమ్మా? సుమిత్రను. మొండయ్య బిడ్డను."

"ఏ మొండయ్య?"

"మీరు మొండిగాడు అనేటోళ్లు."

మా పశువుల కొట్టంలో జీతం చేసినవాడు. అతని బిడ్డ హాస్టల్లో చదువుతోందని ఎవరో అనగా విన్నాను. ఆ పిల్ల ముఖం ఎన్నడూ సరిగా చూడలేదు. నాకు సిగ్గేస్తే వెంటనే కోపం వస్తుంది. ఆ రోజు కోపం కూడా రాలేదు, ఉత్త సిగ్గే. దండను కాగితంలో చుట్టి, "తీస్కపో బిడ్డా, పైసలొద్దు" అన్నాను.

"గట్లయితే దండనే వద్దు. మీ ఇంట్ల ఊకెనే ఇచ్చినయి మా అవ్వకు చాలనే ఉన్నయి, సద్దన్నం, పాత చీరెలు. గిది కొనుక్కుంటం. దండ ఆమెకే. పోయి బేరం ఆమెతోని జెయ్యి."

సుమిత్ర చూపించిన వైపు చూశాను. దేవయ్య కొట్టు పక్క గోడనీడలో వాళ్లమ్మ కొమురవ్వ నిలబడి ఉంది. నిన్నా అక్కడే నిలబడిందట. బిడ్డ ఎంత పిలిచినా లోపలికి రాలేదట.

దండ పట్టుకుని నేనే రోడ్డు దాటాను. వేములవాడ బస్సు డ్రైవరు హారన్ కొట్టి తిట్టాడు. కొమురవ్వ నన్ను చూసి చెప్పులు విడవబోయింది. వద్దన్నాను. దండ ఆమె చేతిలో పెట్టాను. ఒక్కో పూసా నిమిరింది.

"ఎంత దొరసానీ?"

"ఇరవై ఆరు."

దండను చేతిలో మడిచి నేలకేసి చూసింది. మంచిది దొరసానీ అని దండ తిరిగి ఇచ్చేస్తుందని నాకు భయం పట్టుకుంది. దళం అనుకున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

"ఇరవై" అంది కొమురవ్వ, నేలకేసి చూస్తూనే.

"ఇరవై ఐదు."

"ఇరవై. పూసలు ఎడంగ గుచ్చినవ్."

ఎడంగానా? నా పూసలా? "కండ్లు గనవడ్తలేవా, ఎడం ఎక్కడున్నది?" అని నేను, "గిక్కడ, గిక్కడ" అని ఆమె. ఇప్పుడు నా ముఖంలోకే చూస్తోంది. దేవయ్య గిరాకీ అంతా బయటికొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. కొమురవ్వ దండ నా చేతిలో పెట్టేసి, "నాకొద్దు పో" అని నడక మొదలుపెట్టింది. నిజంగానే పోతోంది.

ఇరవై ఏళ్లు ఆమెను కొమురీ అనే పిలిచాను. వాకిలి అలకడానికి, అంట్లు తోమడానికి, గడీ పైనుంచి ఒక్క కేక. ఇప్పుడు నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా పిలిచాను.

"కొమురవ్వా, ఆగు. ఇరవైకే తీస్కపో."

ఆమె ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"పందొమ్మిదికిస్తవా?" అంది.