జాతర మొదటి బండి

శంకర్రావు నిలబడే సంతకాలు చేస్తున్నాడు. డిపో మేనేజరు గదిలో మెత్త వేసిన కుర్చీ ఉన్నా, కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఎడమచేత్తో కిటికీ చువ్వ పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, మేజా మీదికి వంగి రాస్తాడు. నాందేడ్‌లో కండక్టరుగా చేరిన రోజుల్లో ఒంటికి పట్టిన కుదుపు అది. కండక్టరు కాస్తా కంట్రోలరయ్యాడు, ఇన్‌స్పెక్టరయ్యాడు, మేనేజరయ్యాడు. పొట్ట ముందుకొచ్చింది, చెవుల మీద వెంట్రుకలు నెరిశాయి. తోలుసంచి మోసిన భుజం మాత్రం ఇప్పటికీ ఒకవైపు జారే ఉంది. ఇంట్లో అన్నం కూడా నిలబడే తింటాడు. "గిన్నె ఏమన్న పారిపోతదా, జర కూసోని తినరాదు" అని భార్య సుశీలాబాయి రోజూ అంటుంది.

ఇప్పుడు బొంబాయి పెద్దాఫీసుకు రమ్మని హుకుం వచ్చింది. దసరా దాటగానే పోవాలి. ఆ మాట ఇంకా డిపోలో ఎవరితోనూ అనలేదు.

కరువు పోయి వానలు పడిన ఏడాది. నవరాత్రుల మొదటి రోజు. మాహూర్ రేణుకాదేవి జాతరకు పోయే మొదటి బండిని వాకిట్లో కడిగి బంతిపూలు కడుతున్నారు. ఆ బండి డిపోలో అందరికంటే పాత డ్రైవరు నడపాలి. ఆయన భార్య చేతి ఒడిబియ్యం దేవికి పోవాలి. కాగితం మీద లేని రివాజు అది. ఈ ఏడు వంతు నర్సన్నది. శంకర్రావు కండక్టరుగా ఎక్కిన మొదటి బండిని నడిపింది ఆ నర్సన్నే.

నర్సన్న భార్య ముత్తెమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. ఒడిబియ్యం మూట గుండెకు అదుముకుని ఉంది.

"అన్నా, ఆ బండి ఆయనకియ్యకు."

"ఏంది చెల్లె గట్లంటవ్? పొద్దటిసంది మీసాలు దువ్వుకుంట తిరుగుతుండు."

"కండ్లు పోతున్నయన్నా. కండ్ల పరీక్షల బోర్డు మీది అక్షరాలు ముందుగాల్నే బట్టీ పట్టి పోయిండు. ఆ గుట్టల ఘాటు మలుపులు, గంతమంది జనం, పిల్లలు. నాకు నిద్ర లేదు." గొంతు తగ్గించింది. "నేను చెప్పిన్నని తెలిస్తే నా మొఖం సూడడు."

శంకర్రావు చువ్వను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనకు కొత్త కాదు. మొన్న జీపులో వస్తుంటే నర్సన్న బండి ఎదురైంది. శంకర్రావు చెయ్యెత్తాడు. నర్సన్న పలకలేదు. జీపు వెనకాల వస్తున్న గడ్డి లారీకి మాత్రం ఎంతో మర్యాదగా చెయ్యెత్తి పలకరించాడు. ఎండ కళ్లలో పడిందేమోలే అని శంకర్రావు సర్దిచెప్పుకున్నాడు. ఆనాటి నుంచి మనసు సర్దుకోవడం లేదు.

వాకిట్లోకి నడిచాడు. ఇస్త్రీ ఖాకీలో నర్సన్న బానెట్‌ను అరచేత్తో తుడుస్తున్నాడు, దూడ వీపు నిమిరినట్టు.

"బావా, ఇయ్యాల బండి దయానంద్ నడుపుతడు."

దయానంద్ కుర్ర డ్రైవరు. ఆ మాటకు తనే తల దించుకున్నాడు. పూలు కడుతున్నవాళ్ల చేతులు ఆగాయి.

"మరి నేనేం జెయ్యాలె? గంట గొట్టాల్నా?"

"నా పక్కకు కూసుంటవ్. నేను గుడ అస్తున్న."

"సాహెబ్ హుకుమా?"

"హుకుమే."

నర్సన్న డ్రైవరు తలుపు పిడి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. తరువాత బండి ముందు నుంచి చుట్టూ తిరిగి, జనంతోపాటు ఎక్కి, ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్కన శంకర్రావు. ముత్తెమ్మ మూట దయానంద్ చేతికిచ్చింది. మొగుడి వైపు చూడలేదు.

భోకర్‌లో బండి ఆగింది. అక్కడ జనం ఎగబడ్డారు. ఒక పడుచు తల్లి కిటికీలోంచి పసిపిల్లను నర్సన్న ఒడిలోకి దించింది. "అన్నా, జర పట్టు, నాకింత జాగ ఆపు" అని, తోసుకుంటూ ఎక్కి, పిల్లను తీసుకుని, వాళ్ల వెనక సీట్లోనే ఇరుక్కుంది. పిల్ల ఒళ్లంతా తడిమి చూసుకున్నాక ముందుకు వంగింది.

"నడిపేటోడు మంచోడేనా అన్నా? ఘాటంటే నా పానం పానంల ఉండది."

నర్సన్న దయానంద్ వీపు వంక చాలాసేపు చూశాడు.

"మంచోడే బిడ్డా. నాకంటె మంచోడు. నువ్వు పిల్లను పండవెట్టు."

కిన్వట్‌లో నర్సన్న సీతాఫలాలు కొన్నాడు. ఒకటి విప్పి సగం శంకర్రావుకిచ్చాడు. బాగా మాగిన ఇంకొకటి ముత్తెమ్మకని సీటు మూలన పెట్టాడు. నర్సన్న నుదుటి మీద చెమట పట్టింది. ఎడమ జబ్బ పిసుక్కుంటున్నాడు.

"నా కండ్ల సంగతి అది చెప్పిందా?"

"లేదు. నేనే సూసిన. గడ్డి లారీకి చెయ్యెత్తినవ్."

"గడ్డి లారీనా అది?" నర్సన్న భుజాలు కదిలేలా నవ్వాడు. "పర్భణీ బస్సనుకున్న. జవాబియ్యలేదని తిట్టిన గుడ."

ఘాటు మొదలైంది. మలుపు వచ్చినప్పుడల్లా నర్సన్న కుడికాలు ఖాళీ నేలను తొక్కుతోంది. శంకర్రావు కూడా పై కడ్డీ కోసం చెయ్యి చాస్తున్నాడు, సగం లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు.

"బొంబాయి పోతున్నవట గద. డిపో అంతా తెలుసు. తెల్వనట్టున్నం, అంతే." నర్సన్న గొంతు మెత్తబడింది. "ఆడ కుర్సీల ఎట్ల కూసుంటవ్ రా నువ్వు?"

"ఏమో బావా. నాకు గదే భయం."

"గిట్ల కూసోవాలె. సూడు." వీపు వెనక్కి వాల్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. "పైస ఇచ్చి టికెట్టు కొన్నోని లెక్క."

తరువాతి మలుపులో కుడికాలు నేలను తొక్కలేదు. ఆ పై మలుపులోనూ తొక్కలేదు. తల మెల్లగా వచ్చి, ఒకవైపు జారిన శంకర్రావు భుజం మీద ఆగింది. శంకర్రావు చెయ్యి చాచి నర్సన్న మణికట్టు పట్టుకున్నాడు. నాడి అందుతుందేమోనని చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. వెనక తల్లి పిల్లను జోకొడుతోంది. ఇప్పుడు లేచి అరిస్తే ఈ సన్నటి దారిలో దయానంద్ చేతులు వణుకుతాయి. ఆయన లేవలేదు. మలుపులన్నీ తిరిగే దాకా కాలు కదపకుండా, భుజం కదపకుండా, నిటారుగా కూర్చున్నాడు.

మాహూర్‌లో "ఉదో ఉదో" అని దేవికి జై కొడుతూ జనం దిగిపోయారు. పడుచు తల్లి దిగుతూ నర్సన్నను చూసి, "పండనియ్యున్రి, పాపం" అంది.

దయానంద్ ఒడిబియ్యం మూటతో వెనక్కి తిరిగాడు. "సాహెబ్, దిగరా?"

"ఇంజన్ బందుపెట్టు దయానంద్" అన్నాడు శంకర్రావు. "దగ్గరికి రా. ఆ కాళ్లు పట్టు."

ఇద్దరూ నర్సన్నను దించారు. ముత్తెమ్మకని పెట్టిన సీతాఫలం, ఘాటు కుదుపులకు నోరు విచ్చుకుని, తెల్లటి గుజ్జు కనబడుతూ, ఎండ పడుతున్న ఆ సీటు మూలనే ఉంది.