బోసి నొసలు

పెనం మీద రొట్టె మాడింది. జహీరాబాద్ బస్టాండు వెనక విరూపాక్ష దుకాణంలో పందొమ్మిదేళ్లుగా జొన్నరొట్టెలు కొడుతున్న బీరమ్మ చేతిలో రొట్టె మాడడం ఎవరూ చూడలేదు.

"ఏంది బీరమ్మా, చెల్లె బస్సుల వోతే నీ మనసు విమానమెక్కిందా?" అన్నాడు విరూపాక్ష.

ఆమె మాడిన రొట్టెను పక్కన పడేసింది. పెనం సెగకు వేళ్ల కొసలు కాలికాలి, గీతలు చెరిగి నున్నబడ్డాయి. ఉంగరపు వేలి గోట్లో మాత్రం ఇంకా కుంకుమ ఉంది.

తల్లి పోయాక చెల్లెలు రోజాను ఈ రొట్టెలతోనే చదివించింది. స్పెయిన్‌లో సలమంకా అనే ఊళ్లో, ఎనిమిది వందల ఏళ్లనాటి విశ్వవిద్యాలయంలో ఏడాది చదువుకు రోజా స్కాలర్‌షిప్పు తెచ్చుకుంది. నిన్న ఫోన్లో అక్కడి రాతి ముఖద్వారం బొమ్మ చూపించింది. ఆ చెక్కడాల్లో ఎక్కడో చిన్న కప్ప ఉందట. అది కంటబడిన విద్యార్థి పరీక్ష గట్టెక్కుతాడట.

"మన కప్పతల్లి వానకు, వాళ్లది పరీక్షకా!" అని పడీపడీ నవ్వింది బీరమ్మ.

ఈ తెల్లవారుజామున చెల్లెలి పాస్‌పోర్టును దేవుడి గూట్లో పెట్టి తెరిచింది. వీసా మీది ఫొటోలో రోజాకు బొట్టు లేదు. బోసి నొసటితో అంత దూరమా? కుంకుమ దిద్దింది. ఎక్కువైందనిపించి తడిగుడ్డతో అద్దితే, ఎరుపు కాగితంలోకి దిగి అంకెల దాకా పాకింది. గబుక్కున మూసేసింది. తొమ్మిది గంటల బస్సెక్కిన రోజాకు చెప్పలేదు.

"వీసా మీద ఇంత మరక ఉన్నదని మా బామ్మర్దిని ఎయిర్‌పోర్టుల్నే ఆపిన్రు," అంటున్నాడు విరూపాక్ష ఎవరితోనో.

బీరమ్మ పెనం దించింది. లేచి, పక్కకు పోయి ఫోన్ చేసింది.

"రోజా, నేనొక తప్పు జేసిన..."

అవతల బస్సు మోతలోనే రోజా అంతా వింది.

"ఒక్క మాట నన్నడగొద్దా అక్కా?"

ఆపైన రొట్టెల చప్పుడు ఆగలేదు. పిండి డబ్బా మీద పెట్టుకున్న ఫోన్ మోగేసరికి పొద్దు వాలింది.

"లోపటికి పంపిన్రక్కా. ఈ ఎరుపేందని ఆఫీసర్ అడిగిండు. మా అక్క బొట్టు వెట్టిందన్న. శానాసేపు చూసిండు."

"మంచిగైంది బిడ్డా."

"ఆడ దిగినంక మల్ల చూస్తరు. నువ్వు ఫికర్ జెయ్యకు." వెనక విమానంలోని మైకులో ఏదో ప్రకటన వినిపించింది. "ఫోన్ బంద్ జెయ్యమంటున్రు. పోత."

పోయొస్త అనలేదు.

ఇంటికొచ్చి దీపం వెలిగించింది బీరమ్మ. అలవాటుగా వేలు కుంకుమలో ముంచి, గూట్లోని కాగితం దాకా తీసుకెళ్లి ఆపింది. చెంగుకు తుడుచుకుంది.

పోయిన వారం తీయించిన వీసా జిరాక్స్ అది. అందులో నల్లగా అచ్చుపడిన రోజా ముఖం, బోసి నొసలు.