లోపలికే తెరుచుకునే తలుపు

నేను ఒక మూతను. బొటనవేలి గోరంత వెడల్పు, ఊదారంగు ప్లాస్టిక్ ఒళ్లు, మధ్యలో పల్చటి రబ్బరు రెక్క. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టిన మనిషికి, ఆ గొట్టం కొసన నన్ను బిగిస్తారు. నా రెక్క లోపలికే తెరుచుకుంటుంది. నా గుండా లోపలికి పోయిన గాలి తిరిగి నా గుండా రాదు. స్వరపేటిక మీదుగా, నోటి గుండా రావాలి. అలా వచ్చిన గాలే మాటవుతుంది. మంచి గొంతు, చెడ్డ గొంతు అన్న తేడా నాకు తెలియదు. నన్ను పోతపోసిన యంత్రం అంత బుద్ధి నాకు పెట్టలేదు.

నేను మొదట చేరింది నర్సింగరావు దగ్గరికి. జిల్లా పెద్దాసుపత్రికి అతన్ని ఆటోలో వేసుకొచ్చినప్పుడు మెడకు చుట్టిన లుంగీ నానిపోయి, నెత్తురు రోడ్డు మీదికి కారిందట. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మటన్ దుకాణం. ఆదివారం పొద్దున, కొనేవాళ్లు బయట వరుసలో నిలబడి ఉండగానే, దుకాణం లోపలి గదిలో తమ్ముడు కిషన్‌రావు మాంసం కత్తితో అన్న గొంతు కోశాడు. డాక్టర్లు కుట్లు వేశారు, కుట్ల కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ప్రాణం నిలిచింది, మాట పోయింది.

భార్య సక్కుబాయికి ఆ మాటే కావాలి. నర్సింగరావుకు రాయడం రాదు. కోసింది తమ్ముడేనా అని పోలీసులు అడిగితే అవునని తల ఊపాడు. ఎందుకు కోశాడంటే తల ఊపి చెప్పేదెలా? "జడ్జి ముందట నీ నోటితోని చెప్పాలె. ఏ తప్పు చెయ్యనోన్ని కోసిండని చెప్పాలె. వాడు జైల్ల కుళ్లాలె" అని ఆమె మంచం పక్కన కూర్చుని రోజూ జపం చేసేది. అతను కళ్లు మూసుకునేవాడు.

ఆ ఆసుపత్రికంతటికీ ఉన్న ఒక్క స్పీచ్ థెరపిస్టు, అంటే పోయిన మాట తెప్పించే మనిషి, అనసూయ. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఈ వృత్తిలో చదువు డిగ్రీతో తీరదు. రిజిస్ట్రేషన్ నిలవాలంటే ఎప్పటికప్పుడు కొత్త పాఠాలు నేర్చి పాయింట్లు కూడబెట్టుకోవాలి. దారులు చాలానే ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఫోనులో వినే క్లాసులున్నాయి, బ్యాగిచ్చి భోజనం పెట్టే హోటల్ సదస్సులున్నాయి, చేత్తో చేసి నేర్చుకునే శిక్షణలూ ఉన్నాయి. ఏ దారిన వచ్చినా పాయింటు పాయింటే. అనసూయ ఫోను దారి పట్టింది. నా గురించిన క్లాసు నడుస్తుంటే ఫోనును పొయ్యి పక్కన ఆనించి అన్నం వార్చుకుంది. గొట్టం చుట్టూ గొంతు లోపల ఒక బుడగ ఉంటుంది, మూత బిగించే ముందు దాని గాలి తీసెయ్యాలి, లేకపోతే ఊపిరి బయటికి రావడానికి దారే ఉండదు. ఈ ముక్క గంజితో పాటు పోయింది. సర్టిఫికెట్ మాత్రం రంగుల్లో వచ్చి ఆమె గది గోడెక్కింది.

బుడగ నిండుగా ఉండగానే ఆమె నన్ను తిప్పి బిగించింది.

"గాలి పీల్చుండ్రి అన్నా. ఇప్పుడు 'ఆ' అనుండ్రి."

పీల్చాడు. నా రెక్క తెరుచుకుని మూసుకుంది. లోపలి గాలి వెనక్కి వచ్చి నన్ను గుద్దింది. పైన బుడగ అడ్డం, ఇటు నేను అడ్డం. మళ్లీ పీల్చాడు. ఉబ్బిన ఛాతీ దిగలేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి, పచ్చి కుట్ల వెంట నెత్తురు ఊరింది, కళ్లు తేలిపోయాయి. కత్తి సగంలో వదిలిన పనిని నేను పూర్తి చేస్తున్నాను. అదీ ఏ లోపమూ లేకుండా, నన్ను చేసినవాళ్లు మెచ్చుకునేటట్టు.

అతని చెయ్యి లేచి అనసూయ దవడ మీద పడింది. ఆమె వెళ్లి మంచం కమ్మీకి కొట్టుకుంది. రెండో చేత్తో అతను నన్ను పీకి విసిరాడు. నేను గోడకు తగిలి మందుల బండి కిందికి దొర్లాను. ఊపిరి ఈల వేస్తూ బయటికి తన్నుకొచ్చింది.

సక్కుబాయి టిఫిన్ క్యారియర్ ఎత్తి అనసూయ భుజం మీద మోదింది. "మా మరిది పంపిండా నిన్ను? వాడు కోసి ఇడిసిపెడితే నువ్వు ఊపిరి ఆపి సంపుతవా?"

"తెల్వక చేసిన అక్కా."

"తెల్వకనా? మరి గోడకు తగిలేసుకున్న ఆ రంగుల కాగితమేంది?"

అనసూయ నోట్లో ఊరిన నెత్తురు ఉమ్మేసి, వంగి నన్ను ఏరుకుంది.

ఆమెకు కావలసిన పాయింట్లు అప్పటికే నిండాయి. అయినా జీతం లేని సెలవు పెట్టి హైదరాబాదు బస్సెక్కింది. ఆమె సంచిలో నేనూ ఉన్నాను. శిక్షణ హాల్లో బల్లల మీద రబ్బరు మెడలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. నేర్పేది రజియా మేడం. వాటిని ముట్టనివ్వకుండానే అందరితో ముక్కూ నోరూ మూయించింది. "పీల్చుండ్రి. వదలొద్దు. దాని మీదనే ఇంకోటి పీల్చుండ్రి. ఇంకోటి." మొహాలు కందిపోయాయి, ఒకాయన బల్లను తన్ని లేచాడు.

"ఎట్లున్నది?"

"సచ్చిపోతమనిపించింది మేడం."

"మీకు అనిపించింది. పేషెంటు నిజంగనే పోతడు. బుడగ గాలి తియ్యకుండ మూత బిగించినోళ్లు చెయ్యి లేపుండ్రి."

వాచిన దవడతో అనసూయ ఒక్కతే చెయ్యెత్తింది. మేడం ఆ దవడను పరీక్షగా చూసి, "పేషెంటు కొట్టిండా?" అంది.

"దవడ పేషెంటుది, భుజం ఆయన భార్యది మేడం."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆరకముందే వెనక ఒక చెయ్యి లేచింది. తర్వాత ముందు వరుసలో, పెద్దపెద్ద ఆసుపత్రుల బిళ్లలు మెళ్లో వేసుకున్నవాళ్లవీ లేచాయి. మనుషులు తప్పులు కలిసే చేస్తారు, దాచుకునేది మాత్రం ఎవరికి వారే.

చేతులకు పని పట్టుబడేదాకా అక్కడే ఉండి, అనసూయ తిరిగొచ్చింది. నన్ను చూడగానే నర్సింగరావు స్టూలు మీది పండ్లు కోసే చాకు అందుకున్నాడు. చాకు కొస ఆమె కడుపుకు జానెడు దూరంలో ఆగింది. ఆమె వెనక్కి తగ్గలేదు. కడిగి తెచ్చిన నన్ను ట్రేలో పెట్టి, బుడగ నుంచి మెడ బయటికి వచ్చిన సన్నటి గొట్టానికి ఖాళీ సిరంజి తగిలించి అతని ముందు పట్టుకుంది.

"గాలి మీరే తియ్యుండ్రి. బుడగ సప్పబడేదాక నేను మూత ముట్ట."

అతను సిరంజి వైపు, ఆమె వైపు చూశాడు. ఒక చేత చాకు వదలకుండానే రెండో చేత సిరంజి లాగాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆమె కళ్లె తీసింది. గొట్టాన్ని వేలితో క్షణం మూసి, నోటి ముందు అరచెయ్యి పెట్టి ఊపిరి వస్తోందో లేదో చూసుకుంది. అప్పుడు నన్ను బిగించింది.

ఈసారి గాలి నన్ను గుద్దలేదు. పైకి పోయింది. కుట్లు దాటి, గరగరమని.

"సక్కూ."

సక్కుబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. "చెప్పు. వాడు చేసింది చెప్పు."

"ముందుగాల... నేనే లేపిన. కత్తి. వాని మీద." ఊపిరి తీసుకున్నాడు. "వాడు గుంజుకున్నడు."

సక్కుబాయి గిరుక్కున తలుపు వైపు చూసింది. వాంగ్మూలం కోసం వచ్చిన కానిస్టేబులు బయట కుర్చీలో ఉన్నాడు. "తీసెయ్ పిల్లా ఆ మూతను" అంటూ తనే నా మీదికి చెయ్యి చాపింది. ఆమె గోళ్లు నాకు గుచ్చుకునేలోపే నర్సింగరావు చాకు వదిలేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గాజులు పగిలి దుప్పటి మీద నెత్తురు చుక్కలు రాలాయి. ఇద్దరూ అనసూయ వైపు చూశారు. ఇలాంటి గడియకు ఏ శిక్షణలోనూ పాఠం లేదు.

"ఊపిరి మంచిగనే ఆడుతున్నది అక్కా" అంది అనసూయ. "తీసే పని లేదు."

నర్సింగరావు తలుపు వైపు తిరిగి కానిస్టేబుల్‌ను తన గొంతుతోనే పిలిచాడు.

గాయం మానాక గొట్టం తీసేశారు. ఒకరికి పెట్టిన మూతను ఇంకొకరికి పెట్టరు గనక నేను చెత్తలోకి పోవలసినదాన్ని. అనసూయ నన్ను కడిగి దాచింది. ఆసుపత్రి మేడ మీది గదిలో ఇప్పుడు ఒక రబ్బరు మెడకు ఉంటున్నాను. వార్డు నర్సులు అనసూయ దగ్గరికి వచ్చి బుడగ గాలి తీసి, నన్ను బిగించి, విప్పి నేర్చుకుంటున్నారు. వాళ్లకు దీనికి ఏ పాయింట్లూ రావు. ఈ మెడ నన్ను పీకి విసరదు, ఎవరి దవడా పగలగొట్టదు. గాలి దీని గుండా కూడా సాఫీగా పైకి పోతుంది. కానీ దీనికి చెప్పవలసినదేదీ లేదు.