పొలి గంప

కొండయ్యగా కాలవ పనికి వెళ్ళినవాడు పేతురుగా తిరిగొచ్చాడు. ఉప్పలగుప్తం చుట్టుపక్కల ఆ మాట చెప్పుకుని నవ్వనివాడు పాపాత్ముడు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పడి, కోనసీమకి కాలవలు తవ్వుతున్న రోజులవి. మట్టి మొయ్యడానికి పేటల నుంచి జనం కట్టకట్టుకుని వెళ్ళారు. సాయంత్రం పూట వాళ్ళ గుడిసెల దగ్గరికి ఒక కిరస్తానీ ఉపదేశి వచ్చి, గంజి కాగేదాకా తన దేవుడి కథలు చెప్పేవాడు. అలా కాలవ గట్టు వెంట నీళ్ళకన్నా ముందు ఆ దేవుడే ఊళ్ళలోకి వచ్చాడు. నవ్వితే నవ్వండి గాని, దేవుళ్ళు వచ్చే దారే అది. పనికెళ్ళినవాడి భుజమ్మీదో, కాపురానికొచ్చిన కోడలి మూటలోనో వస్తారు. గాల్లో ఎగిరొచ్చిన దేవుణ్ణి నేనైతే చూడలేదు.

పేతురు వాళ్ళ ఇంటికి తాతల నాటి వంతు ఒకటుంది. ఊళ్ళో వాంతులూ బేదులూ పట్టుకుని జనం రాలిపోతుంటే, ముత్యాలమ్మకి దున్నపోతుని బలిచ్చి, ఆ నెత్తురు కలిపిన అన్నాన్ని గంపకెత్తుతారు. దాన్నే పొలి అంటారు. ఆ గంప నెత్తిన పెట్టుకుని, “పొలి, పొలి” అని కేకేస్తూ ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోవాలి. చుట్టు పూర్తయితే అమ్మవారు శాంతించి ఊరు దాటుతుంది. నడుమ ఆగిందా, ఊళ్ళోనే తిష్ఠ వేస్తుంది. ఆ గంప మొయ్యడం వాళ్ళింటి వంతు. పరాయి చెయ్యి పడితే తల్లికి మరింత కోపం. పేతురు మాత్రం బాప్తిస్మం నాడు మొలలోతు నీళ్ళలో నిలబడి, ఇక ఆ గంప ముట్టనని మాటిచ్చేశాడు.

తల్లి వీరాయమ్మ ఏడవలేదు, గొడవపడలేదు. ఒకనాడు గంజి పోస్తూ, మీ దేవుడిది ఏ ఊరని అడిగింది. సముద్రాల అవతల గొర్రెలు కాసుకునే దేశమట, పశువుల పాకలో పుట్టాడట, ఆయన మనుషులు ఊరూరా నడిచి, ఓడలెక్కి ఇక్కడిదాకా వచ్చారట అని కొడుకు తనకి తెలిసినంత చెప్పాడు. ఆవిడ తలూపింది.

“మన తల్లీ ఈ ఊరిది కాదురా. వరదలో కొట్టుకొచ్చి మన రేవులో ఆగింది. మీ తాతలు గంజి పోసేరు, ఉండిపోయింది. ఎవరెక్కణ్ణుంచి వత్తే మనకెందుకు? గడపలోకొచ్చినోళ్ళకి గంజి పొయ్యాలి.”

పేటలో ఆ మతంలో కలిసినవాళ్ళు వేసుకున్న ప్రార్థన పాకలోకి ఆవిడ ఏనాడూ అడుగుపెట్టలేదు. పేతురని కూడా పిలవలేదు. ఉపదేశి వచ్చిన రోజున మాత్రం ముంతతో మజ్జిగ పంపేది.

ఆ శ్రావణంలో రోగం వచ్చిపడింది. మునసబు అప్పలరాజుగారి తమ్ముడు పొద్దున్న పొలానికి వెళ్ళినవాడు పొద్దుగూకేసరికి లేడు. పేటలో పాడె దింపితే మళ్ళీ పాడె. పేతురుని పిలిపించారు. మునసబు చెడ్డవాడేం కాదు. పొలి తిరక్కపోతే రేపు జనం మీ ప్రార్థన పాకనీ, మీ ఇళ్ళనీ పీకి పారేస్తారు, నా చేతిలో ఉండదు అని ఉన్నమాటే చెప్పాడు. పేతురుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులు కట్టుకుని నిలబడి, మాటిచ్చేనండి, ముట్టలేనండి అన్నాడు.

వెనక నుంచి వీరాయమ్మ ముందుకొచ్చింది.

“ఆయ్, గంప మా ఇంటిదేనండి బాబూ. నేను మోత్తానండి.”

ఆడది పొలి మొయ్యడం ఎవరూ ఎరగరు. కానీ ఎరిగిన దారి మూసుకుపోయింది. మునసబు తల పంకించాడు. ఇంటిదాకా పేతురు బతిమాలుతూనే ఉన్నాడు. నీకేమన్నా అయితే నేనేమైపోతానే అని చిన్నపిల్లాడిలా కొంగు పట్టుకున్నాడు. ఆవిడ కొంగు విడిపించుకుని, “నీ మాట నువ్వు నిలబెట్టుకో నాయనా. ఊరి మాట నేను చూసుకుంటాను” అంది. అప్పటికే ఆవిడకి కడుపులో తిప్పుతోంది. ఆ సంగతి కొడుక్కి చెప్పలేదు.

మర్నాడు బలి అయ్యాక గంప కదిలింది. డప్పులు ముందు, కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు పక్కన, నడుమ వీరాయమ్మ. ఎడంగా, వట్టి చేతులతో పేతురు. పొలిమేర గట్టుకి అవతల పొరుగూరి వాళ్ళు కూడా కర్రలతో కాపు కాశారు. ఒక్క మెతుకు తమ నేల మీద పడినా రోగం తమకి అంటుకుంటుందని వాళ్ళ భయం. చుట్టు దాదాపు పూర్తయి, అది ముగిసే మొగలి డొంక ఎదురుగా కనిపిస్తుండగా వీరాయమ్మ వాంతి చేసుకుంది. గంప దించి, గట్టుమీదే ఒరిగిపోయింది.

తల్లి పట్టేసిందిరో అని ఎవరో అన్నారు. అంతే! డప్పులూ కర్రలూ ఊళ్ళోకి పరుగెత్తాయి. పొలి మోస్తూ పడినవాళ్ళని వెనక్కి తేకూడదట. అవతలివాళ్ళు దాటనివ్వరు. పేతురు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని రెండు ఊళ్ళ నడుమ కూర్చున్నాడు. తెలిసిన ప్రార్థనలన్నీ చేశాడు. అవతలి ఊరి ముసలాయన ఒకడు మాత్రం నీళ్ళ ముంత గట్టుమీద పెట్టి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళు ఆవిడ గొంతులో నిలవలేదు.

పొద్దు వాలుతోంది. వీరాయమ్మ చూపు గంప మీదే ఉంది.

“ఒరే కొండా, డొంక దాకా మిగిలిపోయిందిరా. నా వల్ల పేటంతా పోయిందంటారు. ఆ కాస్తా చల్లెయ్యి నాయనా, చూసిపోతాను.”

పరలోకంలో దేవుడికి ఇచ్చిన మాట ఒకవైపు, ఒళ్ళో కన్నతల్లి ఒకవైపు. ఆవిడ రెండోసారి అడగలేదు. అడిగే ఓపిక లేదు. అతను తన పైగుడ్డ మడిచి ఆవిడ తలకింద పెట్టి, లేచి గంపెత్తుకున్నాడు. అవతల కర్రలు పైకి లేచాయి. ఒక్క మెతుకు అటు పడనివ్వకుండా, ఆవిడకి వినపడేలా “పొలి, పొలి” అని కేకేస్తూ మొగలి డొంక దాకా చల్లాడు. వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ ఇంకా ఇటే చూస్తోంది. చల్లేవా అని అడిగింది. చల్లేనమ్మా అన్నాడు. తరవాత కాసేపటికి ప్రాణం పోయింది.

పూడ్చడానికి సాయం ఎవరూ రాలేదు. కాలవ తవ్విన పార తెచ్చుకుని, ఆ గట్టు పక్కనే తనే గొయ్యి తీశాడు.

చిత్రమేమిటంటే, రోగం తగ్గింది. అవతలివాళ్ళ నోట సంగతి తెలిసి, కొండయ్య చేతి మహిమ అని ఊరంతా కోడై కూసింది. ఆదివారం పాకలో ఉపదేశి ప్రభువు పేరిట రొట్టె విరిచి పంచే ముందు, నువ్వు పొలి చల్లావట, నిజమేనా అని అడిగాడు. ఆయ్, చల్లేనండి అన్నాడు పేతురు. అయితే అది పాపమని అందరి ముందూ ఒప్పుకుని, క్షమాపణ అడిగి, రొట్టె తీసుకోమన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు, ఆ మజ్జిగ ముంత ఆయనా ఎరుగును. పేతురు చెయ్యి చాపలేదు. మా అమ్మ ఆఖరి కోరిక తీర్చడం పాపమని నా నోటితో అనలేనండి అన్నాడు. ఆ రోజు నుంచి పాక బయట, చూరు కింద కూర్చుని పాటలు వినేవాడు. రొట్టె అతని దాకా వచ్చేది కాదు. రెంటికీ చెడ్డ రేవడి అని పిల్లా పెద్దా వెక్కిరించారు. కన్నీళ్ళు తుడుచుకునేవాడు గాని మాట మార్చలేదు.

మరుసటేడు రోగం మళ్ళీ పొరుగూరి దాకా వచ్చింది. ఈసారి అప్పలరాజుగారు కబురు పెట్టలేదు, కొత్త పంచె పట్టుకుని తనే పేట మొదటి దాకా వచ్చి పిలిచాడు.

“నీ చెయ్యి మంచిదిరా కొండయ్యా. నిరుడు నీ వల్లే బతికేం. గంప ఎత్తు.”

“ముట్టలేనండి బాబూ. మాటిచ్చేనండి.”

మునసబుకి కోపం వచ్చింది. “నిరుడు లేదేంట్రా ఆ మాట? అప్పుడెలా చల్లేవు?”

“మా అమ్మ అడిగిందండి” అన్నాడు పేతురు. “ఇప్పుడు ఆవిడ లేదండి.”