గదవ ఎత్తితే

కాలు లేనివాణ్ణి పట్టుకుని నీకు కాలుందని ఎవరూ అనరు. చెవుడుతోనే వచ్చింది చిక్కంతా, పైకి కనబడి చావదు కదా! అందుకే ములకలపల్లి అవతల అడవిపల్లెలో ఉండే పుల్లమ్మ, పుట్టు చెవిటిదైన కూతురు దుర్గను వెంటబెట్టుకుని వికలాంగుల సర్టిఫికెట్ కోసం క్యాంపుకు వెళ్ళి, వట్టి చేతులతో తిరిగొచ్చింది.

తప్పు డాక్టరుది కాదు. ఆయన దుర్గ వెనక నిలబడి గంట మోగించాడు. ఎదురుగా కూర్చున్న పుల్లమ్మ గదవ, అదే గడ్డం, దానంతటదే పైకి లేచింది. దుర్గ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"వినబడుతున్నది కదమ్మా పిల్లకు!" అన్నాడాయన.

"లేదు సారూ, దానికి వినబడలే. నా గదవ జూసి తిరిగింది."

ఆయన గంట బల్ల మీద పెట్టాడు. "సోమవారం మళ్ళ తీసుకరా. అప్పుడు గూడ గిట్లనే తిరిగితే నేనేం రాసిచ్చేది లేదమ్మా."

పందొమ్మిదేళ్ళ అలవాటు అది. దుర్గ వెనక ఎద్దు వచ్చినా, ట్రాక్టరు వచ్చినా, ఎవరైనా పిలిచినా పుల్లమ్మ గదవ ఎత్తుతుంది, పిల్ల తిరిగి చూస్తుంది. పోనీ పరీక్షప్పుడు తను బయట నిలబడదామా అంటే, తల్లి గడప దాటినా, మొహం చాటేసినా, దుర్గ ఏడ్చుకుంటూ వెంటపడుతుంది.

పుల్లమ్మ మొగుడు పోయి ఆరేళ్ళయింది. తనకా, నాలుగడుగులు వేస్తే ఆయాసం. రేపు తను కన్నుమూస్తే ఈ పిల్లకు పింఛనే దిక్కు, ఆ కాగితం లేనిదే పింఛను రాదు.

మర్నాడే పాఠం మొదలుపెట్టింది. పక్కింటి జంపయ్యను దుర్గ వెనక నిలబెట్టి పళ్ళెం మోగించమంది. తన గదవను ఆపుకోవాలని పళ్ళు బిగించింది, చేత్తో పట్టుకుని చూసింది. చప్పుడు కాగానే అది లేవనే లేచింది. సిగ్గులేని గదవ!

"నీతోని కాదు గానీ వదినా, తిరగొద్దని పిల్లకే నేర్పు," అన్నాడు జంపయ్య.

అదే చేసింది. గదవ ఎత్తినప్పుడు దుర్గ తిరిగిందా, చెంప మీద చిన్న దెబ్బ. తిరగలేదా, అరచేతిలో బెల్లం ముక్క. ఇదంతా ఎందుకో తెలియడానికి, డాక్టరు మెడలో గొట్టం వేలాడుతున్నట్టు చేతులతో చూపించింది. దుర్గ తెలివైనది. రెండు రోజుల్లో తల్లి గదవ ఎంత ఎత్తినా కదలకుండా కూర్చోవడం నేర్చేసుకుంది. పుల్లమ్మ ఎంత మురిసిపోయిందనీ! ఆ మురిపెం మండిపోను.

గురువారం తెల్లవారుతూనే ఇద్దరూ ఇప్పపువ్వు ఏరడానికి అడవికి వెళ్ళారు. చెట్టు కింద దుర్గ తల్లి వైపు మొహం పెట్టి, గొంతుక్కూర్చుని పూలు ఏరుతోంది. ఇరవై అడుగుల అవతల పుల్లమ్మ బుట్ట నింపుతోంది. దుర్గ వెనక పొదలో ఎండుటాకులు గలగలమన్నాయి. గాలి లేదు. పుల్లమ్మ తలెత్తింది.

ఎలుగుబంటి. తల్లి ఎలుగు. పక్కన పిల్ల కూడా ఉంది.

అరిచి లాభం లేదు. అరుపు దుర్గకు వినబడదు, ఎలుగుకు వినబడుతుంది. పుల్లమ్మ చేతులు కొయ్యబారిపోయాయి. గదవ ఒక్కటే లేచింది.

దుర్గ చూసింది. చూసి, తిరగలేదు.

పుల్లమ్మ మళ్ళీ ఎత్తింది. తిరగవే, నా తల్లీ, తిరగవే! దుర్గ పెదవులు బిగబట్టి, నవ్వు ఆపుకుంటూ, ఇంకా నిటారుగా కూర్చుంది. ఎలుగు ఆమె వెనక్కి వచ్చి నిలబడింది. దాని ముక్కు ఆమె జడకు జానెడు దూరంలో ఉంది. బుస్సుమని గాలి వదిలింది. మూడోసారి గదవ ఎత్తేసరికి పుల్లమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. దుర్గ కదల్లేదు.

ఎంతసేపు గడిచిందో పుల్లమ్మకు తెలియదు. ఎలుగు కింద రాలిన పూలు నాలుగు నాకింది. ఎలుగుపిల్ల కుయ్యిమంటే దాని వెంట పొదల్లోకి వెళ్ళిపోయింది. ఆకుల చప్పుడు దూరమైంది.

పుల్లమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. దుర్గ లేచి, పావడా దులుపుకుని, చెంగుచెంగున తల్లి దగ్గరికి వచ్చింది. వచ్చి అరచెయ్యి చాపింది.

బెల్లం ముక్క కోసం.

పుల్లమ్మ ఆ చెయ్యి పట్టుకుని భోరుమంది. అమ్మ సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుంది దుర్గ. రెండు చేతులూ మెడ చుట్టూ తిప్పి డాక్టరు గొట్టం గుర్తు చూపించింది. సోమవారం కాగితం మనదే అని, ధైర్యంగా తల ఊపింది.