మెరోయి రాణుల మీద టైటస్ తీర్పు

లాక్‌డౌన్‌లో పరదేశంలోని నేస్ పట్టణపు తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారాలు జూమ్‌లో కూడేది. ఆ వారం లీలారాణి కూతురు ప్రెయిస్ ఆఫ్రికాలోని మెరోయి రాజ్యం గురించి చెప్పింది. ఇనుము కరిగించి ఎదిగిందట, ఒంటికన్ను రాణి రోము సైన్యంతో తలపడిందట, చివరికి కూలిపోయిందట.

ఎవరేం మాట్లాడినా ఆఖరి మాట అధ్యక్షుడు టైటస్‌దే. చరిత్ర పుస్తకం ముట్టి ఎరగడు. పైన కోటు, కింద లుంగీతో కూర్చుని తీర్పులిస్తాడు.

"ఆడవాళ్ళు ఏలితే ఏ రాజ్యమైనా అంతేనమ్మా!"

ప్రెయిస్ ముఖం చిన్నబోయింది. "ఈజ్ దట్ వై, మమ్మీ?"

లీలారాణి మైక్ ఆన్ చేసింది.

"బ్రదర్ గారూ, ఆ యుద్ధం తర్వాత కూడా వాళ్ళ రాజ్యం మూడొందలేళ్ళు నిలిచింది. మీరు అధ్యక్షులైన ఏడాదికే మన సహవాసంలోంచి సగం కుటుంబాలు జారుకున్నాయి. మరి మనల్ని ఏలింది ఏ రాణండీ?"

టైటస్ ముగింపు ప్రార్థనైనా చేయకుండా మీటింగ్ ఆపేశాడు. ప్రెయిస్ పగలబడి నవ్వింది.