ఎవరి మెట్లు వాళ్ళవి

పిల్లలూ, మీరు ఎక్కి దిగే మెట్లు ఎవరికైనా ఒకటే లెక్క. పొద్దున ఎన్నో సాయంత్రమూ అన్నే. అందుకే ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు.

ఒక ఊళ్ళో, రైలు పట్టాల పక్కన, లిఫ్టు లేని పాత బిల్డింగు ఒకటి ఉండేది. అందులో ఎవరి మెట్లు వాళ్ళవి. ఒంట్లో ఓపికుంటే కాసిని, లేకపోతే బోలెడు. రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సు మొదటి మలుపు తిరిగేలోపు, పక్కింటాయన కిందికి దిగి, పేపరు తీసుకుని, ఆమెను దాటి పైకెళ్ళి, సగం చదివేసేవాడు. ఇష్టం లేకపోతే కూడా మెట్లు పెరిగేవి. బడికి వెళ్ళాల్సిన పిల్లలకు పొద్దున్నే దిగేకొద్దీ మెట్లు వచ్చేవి. కింద బంతి చప్పుడు వినబడితే మాత్రం రెండు గంతుల్లో దిగిపోయేవాళ్ళు. దీనికి ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరు నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పి, అదే గొంతుతో మెట్ల సంగతీ చెప్పేవాడు.

ఒక్క కట్టుబాటు ఉండేది. మెట్ల మీద ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకునేవారు కాదు. పట్టుకుంటే ఇద్దరికీ ఒకటే మెట్లు, అవీ ఎక్కువున్నవాళ్ళవి. కొత్తగా పెళ్ళైన జంట కూడా కింద గుమ్మం దగ్గర చేతులు వదిలేసి, పైకెళ్ళాక మళ్ళీ పట్టుకునేది.

మూడో అంతస్తులో ఈత టీచరు ఉండేది. ఊరి ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. భర్త లిఫ్టు మెకానిక్కు. ఊరందరినీ కూర్చోబెట్టి... కాదు, నిలబెట్టి పైకి పంపుతాడు, పెళ్ళాన్ని మాత్రం నడిపిస్తాడని బిల్డింగంతా ఆటపట్టించేది. ఆమె కూడా నవ్వేది. చేతుల్లో సంచులతో, తడి జుట్టుతో, కూనిరాగం తీస్తూ ఎక్కేసేది. ఆ మెట్లు ఆమెకు ఒక లెక్కలోవి కావు.

ఆ ఏడు చలి వెళ్ళిపోయే రోజుల్లో ఇంట్లో ముగ్గురికీ దగ్గుతో కూడిన వైరల్ జ్వరం వచ్చింది. తండ్రికీ కూతురికీ వచ్చినట్టే పోయింది. ఆమెకు జ్వరం పోయింది కానీ ఓపిక తిరిగి రాలేదు. దువ్వెన ఎత్తితే చెయ్యి లాగేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెబుతోందో మరిచిపోయేది. మంచం మీంచి లేస్తే గుండె దడదడలాడేది. ఇక మెట్ల సంగతి చెప్పక్కర్లేదు; నెలలు గడిచేకొద్దీ అవీ పెరిగాయి. పెద్దాసుపత్రిలో రక్తం చూశారు, గుండె చూశారు, ఊపిరితిత్తులు చూశారు. అన్నీ బాగున్నాయన్నారు. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

మెకానిక్కు చెడ్డవాడు కాదు. వంట చేశాడు, బట్టలు ఉతికాడు, పిల్లని బడికి దింపి పనికెళ్ళాడు. కానీ అతను యంత్రాల మనిషి. అన్ని భాగాలూ బాగుండి కూడా లిఫ్టు కదలకపోతే, ఎవరో స్విచ్చి వెయ్యలేదని అర్థం. నా మెట్లు చూడండి అని ఆమె అంటే, బడికెళ్ళే పిల్లలకీ పెరుగుతాయిగా అనేవాడు. కోపంగా కాదు, మెల్లగా అనేవాడు. అందుకే మరీ గుచ్చుకునేది.

చివరికి అతని అక్క ఫోన్లో తేల్చేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల ఇలా నలిగిపోవడమేంటి, నా దగ్గర పెట్టుకుని చదివిస్తా, ఒక్క ఏడాది అంది. ఏడాది అనుకున్నవి ఎలా సాగుతాయో ఈత టీచరుకు తెలుసు. పిల్ల తిరిగొచ్చేసరికి జడ తనే వేసుకోవడం వచ్చేస్తుంది.

అదే బిల్డింగులో పై అంతస్తున ఒక ఆస్టియోపతి డాక్టరుండేది. ఆ మాటకు నోరు తిరగక అందరూ చేతుల డాక్టరమ్మ అనేవారు. ఎముకలూ కండరాలూ ఎక్కడ బిగుసుకున్నాయో చేతులతో చూసి, చేతులతోనే సర్దే వైద్యం. బోర్డు పెట్టి ఏళ్ళయినా ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళంతా కాస్తో కూస్తో బాగున్నవాళ్ళే. నిజంగా ఓపిక లేనివాళ్ళకు ఆమె గది అందేది కాదు. ఈ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఒకరోజు మూడో అంతస్తు మలుపులో గోడకు చేరబడిన ఈత టీచరును చూసి, మీరు నా దగ్గరికి రాలేదేం అని అడిగింది. ఎలా రమ్మంటారు అంది ఈత టీచరు. డాక్టరమ్మ పైకి చూసి, కిందికి చూసి, నుదురు కొట్టుకుంది. ఆ వారం నుంచి తనే దిగి రావడం మొదలుపెట్టింది.

వచ్చి చేసేది చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. ఒక అరచెయ్యి తల వెనక, ఒకటి పక్కటెముకల మీద పెట్టి, ఎవరి మాటో వింటున్నట్టు కూర్చునేది. పిల్ల తలుపు దగ్గర నిలబడి, డాక్టరమ్మ నిద్రపోయిందా అని అడిగేది.

"మీ దగ్గు ఎప్పుడో తగ్గింది, పక్కటెముకలకు ఆ కబురు అందలేదు. ఇంకా బిగపట్టుకునే ఉన్నాయి," అంది ఒకరోజు డాక్టరమ్మ. "ఈ జబ్బుని నేను తోలెయ్యలేనమ్మా. ఊపిరికి కాస్త చోటు చెయ్యగలను, అంతే. తోలేస్తానన్నవాళ్ళని నమ్మకండి, ఆసుపత్రికి వెళ్ళడం మానకండి. ఒక్కటి మాత్రం చెయ్యండి. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే కూర్చోండి."

ఇంకొక్క రౌండు, గోడ తాకి రా అని పిల్లలకు చెప్పీ చెప్పీ బతికిన మనిషికి ఇదే అన్నిటికన్నా కష్టమైంది. అయినా కూర్చుంది. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్ళడం మొదలైంది. మెట్లు కొద్దిగా తగ్గాయి. కొద్దిగానే.

అక్క వచ్చే రోజు వచ్చింది. ఈత టీచరు ఎవరికీ చెప్పకుండా కిందికి దిగింది. పిల్ల జడలకు రిబ్బన్లు తన చేత్తో కొని కట్టి పంపాలని. వీధి చివరి కొట్టు దాకా వెళ్ళి, వచ్చి, మొదటి మెట్టు మీద కూలబడింది. వెతుక్కుంటూ దిగొచ్చిన మెకానిక్కుకు ఒళ్ళు మండింది. కొట్టుకు వెళ్ళగలిగిన మనిషి ఇంట్లోకి రాలేదా అనుకున్నాడు. అక్క వచ్చే వేళైంది, లే లే అంటూ ఆమె చెయ్యి పట్టి లాగాడు.

కట్టుబాటు గుర్తు రాలేదు. విసుగులో ఏం గుర్తొస్తుంది?

నాలుగడుగులు వేశాక, మొదటి మలుపు ఇంకా రాలేదేమని తల ఎత్తాడు. మెట్లు పైకి, ఇంకా పైకి, బావిని తిరగేసినట్టు ఉన్నాయి. వదిలేద్దామని వేళ్ళు సడలించాడు కూడా. అప్పుడే పైనుంచి పిల్ల పిలిచింది.

"అమ్మా, నాన్నకి జడ రాదు. నువ్వే వెయ్యాలి. తొందరగా రా."

ఆ పిలుపుకి ఆమె చెయ్యి అతని చేతిలో బిగుసుకుంది. అడుగు జోరందుకుంది. ఇష్టంతో ఎక్కితే మెట్లు తగ్గాలి. బంతి చప్పుడు విన్న పిల్లలకు తగ్గినట్టు తగ్గాలి. అతని కళ్ళముందే పెరిగాయి. ఆమె ఎంత త్వరపడితే అంత పుట్టుకొచ్చాయి. ఆమె మణికట్టులో నాడి, తెగబోయే లిఫ్టు తాడులా వణుకుతోంది.

"ఆగు," అన్నాడు.

"పిల్ల పిలుస్తోందండీ."

అతను చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. ఇక ఆమె కూడా కూర్చోక తప్పలేదు.

"అలిసిపోకముందే కూర్చోవాలటగా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అది ఎప్పుడో దాటిపోయింది," అంది ఆమె.

వాళ్ళలా కూర్చుని ఉండగానే అక్క వచ్చింది. ఏరా, మెట్ల మీదే కాపురం పెట్టారా అంటూ గబగబా దాటిపోయింది. ఆమెకు ఎప్పుడూ గుప్పెడు మెట్లే. కాసేపటికి ఒక చేత్తో పెట్టె పట్టుకుని, జుట్టు విరబోసుకున్న పిల్లని ముందు నడిపించుకుంటూ దిగొచ్చింది. బస్సుకు టైమైంది, జడ దారిలో నేను వేస్తాలే అంది.

"అక్కా, పెట్టె పైన పెట్టెయ్," అన్నాడు మెకానిక్కు. "పిల్ల రాదు."

"ఇప్పుడేమైందిరా నీకు?"

"స్విచ్చి వేసే ఉందక్కా. కరెంటే రావట్లేదు."

అక్కకు అర్థం కాలేదు. అతను ఖాళీగా ఉన్న రెండో చెయ్యి చాపాడు, కావాలంటే పట్టుకుని చూడమన్నట్టు. ఆవిడ ఆ చెయ్యి వంక చూసింది, మెట్ల వంక చూసింది. పట్టుకోలేదు. కానీ పెట్టె పైకి తీసుకెళ్ళింది.

పిల్ల కింది మెట్టు మీద కూర్చుంది. ఒక జడ అమ్మ వేసింది. రెండోది, అమ్మ నోటితో చెబుతూ ఉంటే, నాన్న వేశాడు. అది వంకరగా వచ్చింది. పిల్ల విప్పనివ్వలేదు.

ఆ తరవాత వాళ్ళు అన్నిటికన్నా కింది అంతస్తుకు మారారు. చేతుల డాక్టరమ్మ మిగతా అంతస్తులు కూడా దిగి వచ్చింది. బాగైన వారాలున్నాయి, మంచం దిగని వారాలూ ఉన్నాయి. మరుసటి వేసవికి ఈత టీచరు కొలను గట్టున కుర్చీ వేసుకుని, రోజుకు ఒక్క గుంపుకే నేర్పింది. పిల్ల ఎక్కడికీ వెళ్ళలేదు. రెండు జడలూ తిన్నగా వేసుకోవడం ఆ ఇంట్లోనే నేర్చుకుంది.

పిల్లలూ, మీరూ ఎప్పుడో మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు అతను ప్రేమతో చెయ్యి పట్టుకున్నాడని మాత్రం మార్చకండి. విసుగుతోనే పట్టుకున్నాడు. వదల్లేదు, అంతే. అలాగే చెప్పమన్నాడు.